గొంతు తప్పా, లెక్క తప్పా?

మూడేళ్ళ కిందట ఒక సాహిత్య సదస్సులో నేను పొలం పనుల పాటల మీద వ్యాసం చదివాను. నా ఆధారం ఒక పాత క్యాసెట్టు. రిటైరయిన ఒక బడిపంతులుగారు 1980 దశకంలో తమ ఊళ్ళో ఒక వ్యవసాయ కూలీ మహిళ చేత పాడించి రికార్డు చేసిన క్యాసెట్టు అది. ఒక వైపు ముప్ఫై నిమిషాలు ఆమె దాదాపు ఆపకుండా పాడింది. ఆ వ్యాసంలో నేను చెప్పిన ముఖ్యమైన మాట ఇది: పాట సాగినకొద్దీ ఆమె గొంతు మారుతుంది. పన్నెండో నిమిషం దాటాక జీర మొదలవుతుంది. ఇరవై అయిదో నిమిషం దాటాక గొంతు పగిలిపోతుంది. పొద్దస్తమానం నాట్లు వేసి వచ్చిన దేహం పాటలోకి వచ్చి నిలబడటమే ఈ జీర అని నేను సూత్రీకరించాను. సభలో చప్పట్లు మోగాయి.

చిట్టచివర పంతులుగారు లేచారు. "బాబూ, ఆవిడ గొంతు ఆ రాత్రి ఎక్కడా జీరబోలేదే. నేను పక్కనే కూచున్నాను గదా" అన్నారు. నేను మర్యాదగా నవ్వి ఊరుకున్నాను. పాడిన మనిషి మీద అభిమానం కొద్దీ అంటున్నారనుకున్నాను.

ఆయన చెప్పిందే నిజం. జీర ఆమె గొంతులో లేదు, క్యాసెట్టులో లేదు, దాన్ని కంప్యూటరులోకి ఎక్కించిన ఫైలులోనూ లేదు. నేను పాటను వినటానికి కట్టుకున్న ప్రోగ్రాములో, ఆ ప్రోగ్రాము అంకెలను గుర్తుపెట్టుకునే తీరులో ఉంది. ఆడలేనివాళ్ళు మద్దెల ఓడు అంటారని సామెత. ఇక్కడ మద్దెలే ఓడు. నేను పాడిన మనిషికి వంక పెట్టాను. పైగా ఆ వంకకు శ్రమ సౌందర్యం అని పేరు కూడా పెట్టాను.

ఆ తల్లి ఇప్పుడు లేదు. క్షమాపణ చెప్పుకోవటానికి కూడా వీలులేదు. ఈ వ్యాసం రాయటానికి అదొక కారణం. రెండో కారణం మరొకటుంది. ఈ సంగతి నేను మిత్రులకు చెప్పినప్పుడు నాలుగు రకాల జవాబులు వచ్చాయి. నాలుగూ తప్పేనని నా అభిప్రాయం. ఒక్కొక్కటే చూద్దాం. అంతకుముందు అసలు జరిగిందేమిటో తేల్చుకోవాలి. వాస్తవం తెలుసుకోకుండా వాదానికి దిగటం వల్లనే గదా నాకీ గతి పట్టింది!

*

కంప్యూటరులో ధ్వని అంటే అంకెల వరస. సీడీ పద్ధతిలో సెకనుకు 44,100 అంకెలు. ఒక్కొక్క అంకెను శాంపిల్ అంటారు. ముప్ఫై నిమిషాల పాట అంటే 7,93,80,000 శాంపిళ్ళు. నేను వాడిన సాధనం ప్యూర్ డేటా. వాడేవాళ్ళు పీడీ అని పిలుస్తారు. మిల్లర్ పకెట్ అనే ఆయన 1980 దశకంలో పారిస్‌లోని ఇర్కామ్ సంస్థలో మాక్స్ అనే ప్రోగ్రాముకు పునాది వేసి, 1990 దశకంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పీడీని రాశాడు. దాని సోర్సు కోడు అందరికీ బహిరంగం. ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. కొనే స్తోమత లేని కాలేజీకి ఇది వరమే. తెరమీద పెట్టెలు గీసి వాటిని తీగలతో కలిపితే వాద్యం తయారవుతుంది. పాటను ఆపి, వెనక్కి తిప్పి, నెమ్మదిగా విని, మాటలు రాసుకోవటానికి నేనొక చిన్న వాద్యం కట్టుకున్నాను.

పీడీలో ఒక గొప్ప గుణముంది. పాట ఏ తీగ మీద నడుస్తుందో, పాటలో మనం ఎక్కడున్నామో చెప్పే సంఖ్య కూడా అదే రకం తీగ మీద నడుస్తుంది. ధ్వనికీ స్థానానికీ తేడా లేదు. రెండూ ప్రవహించే అంకెలే. దాని అందమంతా ఇందులోనే ఉంది. నా పతనానికి కారణమూ ఇదే.

ఆ తీగ మీద నడిచే అంకె మామూలుగా సింగిల్ ప్రెసిషన్ అంకె. 1985లో వచ్చిన ఐ.ఇ.ఇ.ఇ. 754 ప్రమాణం దాన్ని నిర్వచించింది. మొత్తం 32 బిట్లు. గుర్తుకు ఒకటి, ఘాతానికి ఎనిమిది, మిగిలినవి అసలు అంకెలకు. లెక్కకు పనికొచ్చే బిట్లు 24. డబుల్ ప్రెసిషన్‌లో 64 బిట్లుంటాయి. వాటిలో లెక్కకు పనికొచ్చేవి 53. ఘాతం ఉండటం వల్ల రెండూ చాలా పెద్ద సంఖ్యలనూ, చాలా చిన్న సంఖ్యలనూ పట్టగలవు. కాని ఎంత పెద్ద సంఖ్యను పట్టినా నిజంగా గుర్తుపెట్టుకునేది మొదటి కొన్ని అంకెలనే.

పాతకాలపు కరణం లెక్కల పుస్తకం ఊహించుకోండి. గళ్ళు ఏడే ఉన్నాయి. సంఖ్య ఏడు గళ్ళు దాటితే ఆయన పుస్తకం మార్చడు, చివరి అంకెలు కొట్టేస్తాడు. పైకి చూస్తే లెక్క పెద్దదిగానే కనిపిస్తుంది. రాలిపోయింది చివరి కాసులే. ఆ చివరి కాసులు ఎవరివో వేరే చెప్పాలా?

సింగిల్ ప్రెసిషన్ ఒక్కటొక్కటిగా తప్పులేకుండా లెక్కపెట్టగలిగే హద్దు 1,67,77,216. అంటే 2ను 24 సార్లు వేసుకుని హెచ్చిస్తే వచ్చే సంఖ్య. దానికి 1 కలిపితే మళ్ళీ 1,67,77,216 వస్తుంది! ఎన్నిసార్లు ఒకటి కలిపినా అక్కడే నిలబడిపోతుంది. సెకనుకు 44,100 చొప్పున ఈ హద్దు 380 సెకన్లకు, అంటే ఆరు నిమిషాల ఇరవై సెకన్లకు వస్తుంది. సెకనుకు 48,000 అయితే ఆరు నిమిషాలు కూడా పట్టదు. 96,000 అయితే మూడు నిమిషాలకు ముందే వస్తుంది.

నా పాటకు జరిగింది చూడండి. మూడు నిమిషాల పది సెకన్ల దాకా రెండు శాంపిళ్ళ మధ్య చోటును కూడా చెప్పగలిగిన అంకె, అక్కడి నుంచి పూర్తి శాంపిళ్ళనే చెప్పగలిగింది. 6 నిమిషాల 20 సెకన్ల తర్వాత సరి సంఖ్య శాంపిళ్ళే అందాయి. బేసివి ఉన్నా వాటి పేరు పలకటానికి అంకె లేదు. 12 నిమిషాల 41 సెకన్లు దాటాక నాలుగింటికి ఒకటి, 25 నిమిషాల 22 సెకన్లు దాటాక ఎనిమిదింటికి ఒకటి మాత్రమే అందాయి. అందని వాటి స్థానంలో అందినదే మళ్ళీ మళ్ళీ వినిపించింది. నునుపైన ధ్వని మెట్లు మెట్లుగా మారింది. సెకనుకు 44,100 శాంపిళ్ళున్న పాట చివరి అయిదు నిమిషాలలో 5,500 శాంపిళ్ళ పాటగా వినబడింది. ఆ మెట్ల గరగరనే నేను గొంతు జీర అన్నాను. నా వ్యాసంలోని పన్నెండో నిమిషం, ఇరవై అయిదో నిమిషం ఆమె అలసట గుర్తులు కావు, రెండు అనే అంకెకు ఘాతాలు!

*

దీన్ని పట్టుకున్నది నేను కాదు. మా కాలేజీలో కంప్యూటర్ చదివే ఒక విద్యార్థి. అతను చేసిన పద్ధతి సాహిత్య విద్యార్థులకు కూడా పనికొస్తుంది గనక వివరంగా చెబుతాను.

మొదట ఆ ఫైలును మామూలు ప్లేయరులో వినిపించాడు. ముప్ఫై నిమిషాలూ గొంతు నిండుగా ఉంది. అంటే దోషం రికార్డింగులో లేదు. తర్వాత ఇరవయ్యో నిమిషం నుంచి ఒక ముక్క కత్తిరించి, దాన్నే మొదలుగా పెట్టి నా వాద్యంలో వినిపించాడు. జీర లేదు. అదే గొంతు, అదే మాట, అదే ఊపిరి. చోటు మారేసరికి జబ్బు పోయింది. "సార్, రోగం పాటతో వెళ్ళటం లేదు, పాట ఉన్న చోటుతో వెళుతోంది" అన్నాడు. నా ఎమ్మే చదువులో నాకెవరూ నేర్పని విమర్శ సూత్రం అది.

మూడోసారి పీడీలోనే 1,67,77,217ను 1,67,77,216తో పోల్చి చూడమన్నాడు. రెండూ సమానమే అని జవాబు వచ్చింది. తెరమీద సంఖ్యను చూసి పట్టుకోవటానికి కూడా వీలులేకపోయింది. మేము వాడిన పీడీ పెద్ద సంఖ్యలను ఆరు అంకెలకు కుదించి చూపిస్తుంది. లోపల పోయేది కొంత, పైకి కనిపించకుండా పోయేది మరికొంత.

పీడీని తిట్టటానికి ఇదంతా రాయటం లేదు. ఈ పరిమితి దాచిపెట్టిన రహస్యం కాదు. పట్టికను చదివే ఆ పెట్టెకు కుడివైపు మరొక ద్వారముంది. పెద్ద పట్టికలలో కచ్చితంగా చదవాలంటే దూరాన్ని రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్కను ఆ ద్వారం గుండా, చిన్న ముక్కను తీగ మీద పంపమని దాని సహాయ పత్రమే చెబుతుంది. ఊరి పేరు ఒకచోట, ఇంటి నంబరు ఒకచోట రాసినట్టు. అలా చేసేసరికి సింగిల్ ప్రెసిషన్‌లోనే జీర మాయమయింది. సహాయ పత్రం చదవని తప్పు నాది. శబ్దరత్నాకరం తిరగెయ్యకుండా పద్యానికి అర్థం చెప్పే విద్యార్థిని నేను క్లాసులో ఎన్నిసార్లు మందలించానో!

*

ఇక జవాబుల సంగతి.

మొదటివారు చెవివాదులు. "మనిషి చెవికి 32 బిట్లే ఎక్కువ. డబుల్ కావాలనటం చాదస్తం" అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. ఉన్న నిజాన్ని ఒప్పుకుందాం. 24 బిట్ల కచ్చితత్వం అంటే సుమారు 144 డెసిబెల్‌ల వ్యాప్తి. సీడీ ఇచ్చేది 96. నా క్యాసెట్టు దానికి ఎంతో కింద ఉంటుంది. అంచేత ధ్వనిని దాచటానికీ, ఒక ప్రోగ్రాము నుంచి మరొక ప్రోగ్రాముకు పంపటానికీ సింగిల్ పుష్కలంగా చాలు. లినక్స్‌లో ధ్వని ప్రోగ్రాములను కలిపే జాక్ అనే వ్యవస్థ సింగిల్‌నే వాడుతుంది. లాడ్‌స్పా, ఎల్‌వీ2 అనే ప్లగిన్ పద్ధతులు కూడా ధ్వనిని అలాగే పంపిస్తాయి. ఆ నిర్ణయంలో తప్పులేదు.

కాని నా ప్రశ్న చెవికి ఎంత కావాలని కాదు, లెక్కకు ఎంత కావాలని. పాటలో మనం ఎక్కడున్నామో చెప్పే సంఖ్యను చెవి వినదు. ఆ సంఖ్య తప్పితే వచ్చే ఫలితాన్ని వింటుంది. ఛందస్సులో ఒక మాత్ర జారితే శ్రోతకు మాత్ర వినబడదు, పద్యం కుంటటం వినబడుతుంది. చెవివాదులు ధ్వని పరిమాణానికి వర్తించే కొలతను తీసుకొచ్చి కాలానికి అంటగడుతున్నారు. డబుల్ ప్రెసిషన్‌లో శాంపిళ్ళను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటూ పోతే హద్దు 9,00,71,99,25,47,40,992 దగ్గర వస్తుంది. సెకనుకు 44,100 చొప్పున ఆరువేల సంవత్సరాలు దాటినా అక్కడికి చేరం. ఆరు నిమిషాలకూ ఆరువేల ఏళ్ళకూ ఉన్న తేడాను చాదస్తం అనటం ఎలాంటి శాస్త్రీయ దృష్టి?

మరొక ఉదాహరణ. క్యాసెట్టు మోటారు గురగురను తీసెయ్యటానికి 20 హెర్ట్‌జ్ దగ్గర ఒక ఫిల్టరు పెడతాం. సెకనుకు 96,000 శాంపిళ్ళ దగ్గర ఆ ఫిల్టరు గుణకాలలో ఒకటి 1కి ఎంత దగ్గరగా ఉంటుందంటే, ఆ రెంటికీ మధ్య తేడా కోటిలో తొమ్మిది వంతుల లోపే. ఆ తేడాను చెప్పటానికి సింగిల్ ప్రెసిషన్ దగ్గరున్నవి పట్టుమని పదిహేను మెట్లు కూడా లేవు. మనం అడిగిన ఫిల్టరు ఒకటి, వచ్చేది మరొకటి. పైగా ఈ రకం ఫిల్టరు తన నిన్నటి జవాబును ఇవాళటి లెక్కలో కలుపుకుంటుంది. తప్పు కూడా అలాగే తిరిగి కలుస్తుంది. అందుకనే తెలిసిన కార్యకర్తలు ధ్వనిని సింగిల్‌లో తీసుకుని, ఫిల్టరు లోపలి లెక్కను మాత్రం డబుల్‌లో చేసి, మళ్ళీ సింగిల్‌లో బయటికి పంపుతారు. పీడీలోనే కాలాన్ని సూక్ష్మంగా గీసే ఒక పెట్టె లోపల డబుల్‌లోనే లెక్క చేస్తుంది. తీగ మీదికి వచ్చేసరికి ఆ కచ్చితత్వం రాలిపోతుంది. అంటే అవసరం ఎక్కడుందో రాసినవాళ్ళకు ముందునుంచీ తెలుసు.

"డబుల్ చేస్తే జ్ఞాపకశక్తి రెట్టింపు ఖర్చవుతుంది" అని వీరే మరొక మాట అంటారు. కొన్నిచోట్ల నిజమే. నా పట్టిక విషయంలో కాదు. 64 బిట్ల యంత్రం మీద పీడీ పట్టికలో ప్రతి గడికీ ముందే 8 బైట్ల చోటుంది. అందులో సింగిల్ అంకె నాలుగు బైట్లలో కూచుంటే మిగతా నాలుగూ ఖాళీ. ముప్ఫై నిమిషాల పాటకు అరవై మూడున్నర కోట్ల బైట్లు ఎటూ ఖర్చవుతున్నాయి. సగం ఇల్లు ఖాళీగా పెట్టి చోటు లేదనటం ఎవరి వాదమో మన పాఠకులకు తెలుసు!

*

రెండోవారు అంకెవాదులు. వీరు చెవివాదులకు తిరగేసిన ప్రతిబింబం. "64 అంటే 32కు రెట్టింపు, గనక ధ్వని రెట్టింపు మధురం" అంటారు. పెట్టెల మీద ఈ అంకెను పెద్ద అక్షరాలతో అచ్చువేసి అమ్మే వర్తకులకు ఈ వాదం ఎంతో ఇష్టం. క్యాసెట్టు నుంచి వచ్చిన శాంపిల్‌ను డబుల్‌లో దాచితే ఆ క్యాసెట్టులో లేనిది ఏదీ పుట్టదు. చివరన సున్నాలు చేరతాయి, అంతే. ఖాళీ కంచానికి అంచు వెడల్పు చేసినట్టు. కచ్చితత్వం ఒక ఆభరణం కాదు. ఎక్కడ కూడికలు పేరుకుంటాయో, ఎక్కడ స్థానం లెక్కించాలో, ఎక్కడ దగ్గరదగ్గర సంఖ్యల తేడా మీద పని ఆధారపడుతుందో అక్కడ అది కావాలి. మిగతా చోట్ల అది వృథా కావచ్చు. ఎక్కడ కావాలో చెప్పకుండా అంతటా కావాలనేవాడూ, ఎక్కడా అక్కర్లేదనేవాడూ ఒకే పని చేస్తున్నారు. ఇద్దరూ పరిశీలన తప్పించుకుంటున్నారు.

*

మూడోవారి మాట మరీ ప్రమాదకరం. ఎందుకంటే అది స్వేచ్ఛ పేరుతో వస్తుంది. "సోర్సు కోడు బహిరంగమే గదా, డబుల్ కావాలంటే మీరే కట్టుకోండి" అంటారు. సరే, కట్టుకుందామని కూచున్నాం. నేనూ నా విద్యార్థీ ఆ పని మీద పడ్డ తంటా వింటే ఆ మాటలోని సగం నిజమూ, సగం మోసమూ తెలుస్తాయి.

పీడీలో అంకె పరిమాణాన్ని ఒకేచోట నిర్ణయించే పేరొకటుంది. దాన్ని 64 అని చెప్పి కట్టుకునే వీలు తరువాతి కాలంలో వచ్చింది. ఆ వీలు ఊరికే రాలేదు. వేల పంక్తులలో ఎక్కడెక్కడ రాసినవాళ్ళు ఆ పేరుకు బదులు నేరుగా సింగిల్ అనే మాటను వాడారో, ఎక్కడ అంకె లోపలి బిట్ల అమరికను నమ్ముకుని ఉపాయం పన్నారో వెతికి ఒక్కొక్కటే దిద్దాలి. సీ భాషలో డబుల్ అంకెను సింగిల్ గిన్నెలో పోస్తే కంపైలరు మామూలుగా నోరు మెదపదు. పొర్లిపోయింది నేలపాలవుతుంది. అలాంటి జారుళ్ళను చూపించమని ప్రత్యేకంగా అడిగితేనే చెబుతుంది. ఈ దిద్దుబాటంతా కొందరు తమ సెలవు రోజులు ఖర్చుపెట్టి చేసిన పని.

ప్రధాన ప్రోగ్రాము కట్టుకున్నాం. తర్వాత అదనపు వస్తువుల వంతు. ఎవరెవరో రాసిచ్చిన చిన్న చిన్న భాగాలు అవి. సింగిల్‌కు కట్టిన భాగాన్ని డబుల్ పీడీలో తగిలిస్తే ఏమవుతుంది? పీడీ ధ్వనిని 64 శాంపిళ్ళ గుంపులుగా పంపుతుంది. డబుల్‌లో ఆ గుంపు 512 బైట్లు. భాగం మాత్రం తనకు తెలిసిన 256 బైట్లనే 64 అంకెలని చదువుతుంది. ఒక్కొక్క అంకెను మధ్యకు నరికి, రెండు ముక్కలనూ రెండు అంకెలనుకుంటుంది. పుట్టేది పాట కాదు, రొద. అందుకనే పీడీ పరిమాణం కలవని భాగాన్ని ఎక్కించుకోవటానికి నిరాకరిస్తుంది. మొదట ఆ నిరాకరణ మాకు విసుగు పుట్టించింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఈ కథ మొత్తంలో నాతో నిజాయితీగా వ్యవహరించిన యంత్రభాగం అదొక్కటే. నా పాట జీరబోతున్నప్పుడు ఏ భాగమూ "నాకు లెక్క అందటం లేదు" అనలేదు. మౌనంగా తప్పు చెప్పటం కంటే గట్టిగా కాదనటం ఎంతో మేలు.

గణితంలో ఫూరియే పరివర్తన చేసిపెట్టే ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ అనే లైబ్రరీది మరొక గమ్మత్తు. దాని సింగిల్ రూపం వేరు, డబుల్ రూపం వేరు, పేర్లు కూడా వేరు. ఒకటి యంత్రంలో ఉండి ప్రోగ్రాము రెండోదాన్ని అడిగితే "లైబ్రరీ దొరకలేదు" అంటుంది. ఎదురుగా ఉన్నది దొరకలేదంటుందేమిటని మేము ఒక పూట వెతుక్కున్నాం. అదే కుటుంబంలో రెండో కొడుకును పిలుస్తున్నారని తర్వాత తెలిసింది.

ఇది అసాధ్యమైన పని కాదని చెప్పటానికి సీసౌండ్ ఉంది. బ్యారీ వెర్కో 1986లో ఎమ్.ఐ.టి.లో రాసిన ఆ బహిరంగ ప్రోగ్రాములో అంకెకు ఒకే ఉమ్మడి పేరు పెట్టి, అదే కోడును సింగిల్‌గానూ డబుల్‌గానూ కట్టుకునే ఏర్పాటు చేశారు. రెండు రకాల ప్లగిన్లకూ రెండు వేరు వేరు అరలు చూపించారు. ఒకదానిలోది ఒకదానిలో కలవదు. డబ్బు పెట్టి కొనాల్సిన మాక్స్ 2011లో తన ఆరో రూపంలో ధ్వని లెక్కను 64 బిట్లకు మార్చింది. కొన్నవాళ్ళకు అది అందింది. ఎలా జరిగిందో కోడులో చూసి నేర్చుకునే అవకాశం మాత్రం బయటివాళ్ళకు లేదు. పీడీలో, సీసౌండ్‌లో ఆ అవకాశముంది. నా విద్యార్థి పీడీ కోడు తెరిచి, ఏ పంక్తిలో నా పాట మెట్లు మెట్లవుతోందో వేలు పెట్టి చూపించాడు. ఆ వేలు పెట్టగలగటమే బహిరంగ కోడు ఇచ్చే నిజమైన స్వేచ్ఛ.

అంచేత మూడోవారికి నా జవాబు ఇది. తలుపు తెరిచి ఉండటం గొప్ప విషయమే. కాని మెట్లు లేని గుమ్మం ముందు నిలబడి "తలుపు తీసే ఉందిగా" అనటం ఔదార్యం కాదు. కోడు చదవటం నేర్పే చదువూ, దిద్దేవాళ్ళకు జీతమూ తీరికా, తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెప్పే అలవాటూ ఉంటేనే ఆ స్వేచ్ఛ అనుభవంలోకి వస్తుంది. పొలం ఉమ్మడిది అయినంత మాత్రాన పంట పండదు. ఎవరో ఒకరు దున్నాలి. ఇప్పుడు దున్నుతున్నవాళ్ళు ఏ ప్రతిఫలమూ లేకుండా దున్నుతున్న కొద్దిమందే. వాళ్ళను తిట్టటం అన్యాయం. వాళ్ళ మీదనే వదిలేసి కూచోవటం అంతకంటే అన్యాయం.

*

నాలుగోవారు మనవాళ్ళే. నా మిత్రులు, సహోద్యోగులు. "ఇదంతా సాంకేతికుల గొడవ. సాహిత్య విమర్శకుడికి దీనితో ఏం పని? నీ సిద్ధాంతం సరైనదే, ఉదాహరణ ఒకటి తప్పింది, అంతే" అన్నారు. ఈ ఓదార్పు నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది.

భౌతిక వాస్తవం నుంచి భావానికి నడవాలని మనం ఇతరులకు చెబుతాం. నేను చేసిందేమిటి? శ్రమ మనిషిని అరగదీస్తుందన్న సిద్ధాంతం నా దగ్గర ముందే తయారుగా ఉంది. యంత్రం ఒక జీరను అందించింది. దాన్ని పరీక్షించకుండా సిద్ధాంతానికి అతికించాను. ఆమె గొంతులో అలసట వినాలని నేను కోరుకున్నాను గనక విన్నాను. నిజానికి ఆ క్యాసెట్టులో ఉన్నదేమిటి? పగలంతా వంగి నాట్లు వేసిన మనిషి రాత్రి ముప్ఫై నిమిషాలు ఒక్క స్వరం చెదరకుండా పాడింది. ఆ బలాన్ని నేను వినలేదు. నా సానుభూతికి ఆమె అలిసిపోవటం అవసరమయింది. సానుభూతి పేరుతో మనిషిని తక్కువ చేయటం ఇదే. ఆమె పక్కన కూచుని విన్న పంతులుగారి సాక్ష్యాన్ని అభిమానం అని కొట్టిపారేసి, పరీక్షించని యంత్రపు సాక్ష్యాన్ని శాస్త్రమని నమ్మటం కూడా ఇదే.

"ఉదాహరణ ఒకటి తప్పింది" అనటం సులభం. ఇవాళ జానపద సాహిత్యమంతా క్యాసెట్ల నుంచి, స్పూలు టేపుల నుంచి కంప్యూటరులోకి ఎక్కుతోంది. పాడినవాళ్ళు చాలామంది లేరు. టేపు అరిగిపోయాక మిగిలేది ఫైలు, దాన్ని వినిపించే ప్రోగ్రాము. రేపు ఒక విద్యార్థి ఆ ఫైలు విని గొంతు గురించి, లయ గురించి, ఉచ్చారణ గురించి రాస్తాడు. అతను వింటున్నది మనిషినా, కుదించిన అంకెనా అని అడిగేవాడెవడు? తాళపత్ర ప్రతులలో లేఖకుడి తప్పును కవి తప్పు అనకూడదని మనం మొదటి పాఠంగా నేర్పుతాం. పాఠాంతరాలు చూసి, ప్రతి ఎక్కడిదో అడిగి, తర్వాత వ్యాఖ్యానిస్తాం. ఈ కాలపు లేఖకుడు ఈ యంత్రం. వాడి చేతిరాతను చదవటం కూడా మన పనే.

అంచేత మన సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాను. టేపు నుంచి ఎక్కించిన ప్రతి పాటకూ సెకనుకు ఎన్ని శాంపిళ్ళు, ఏ ప్రోగ్రాము, దాని ఏ రూపం, సింగిలా డబులా అన్నది ప్రతి వివరంలా పక్కన రాసిపెడదాం. ఒక గొంతు గురించి నిర్ణయం చెప్పేముందు దాన్ని కనీసం రెండు సాధనాలలో, రెండు చోట్ల నుంచి కత్తిరించి విందాం. మూడోది, మన తెలుగు విద్యార్థులూ కంప్యూటర్ విద్యార్థులూ నెలకొక సాయంత్రమైనా ఒక బల్ల ముందు కూచోవాలి. వాళ్ళకు పాట తెలియదు, మనకు లెక్క తెలియదు. విడివిడిగా ఉన్నంతకాలం ఇద్దరం తప్పులే చేస్తాం.

నా పాత వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నాను. ఆ క్యాసెట్టును మళ్ళీ మొదటి నుంచీ వింటున్నాను. ఇరవై ఎనిమిదో నిమిషంలో ఆమె ఒక దీర్ఘం తీసి, ఊపిరి పీల్చి, అదే శ్రుతిలో తర్వాతి చరణం ఎత్తుకుంటుంది. కొత్త వ్యాసం అక్కడి నుంచి మొదలుపెడతాను. ముందుగా పంతులుగారికి చదివి వినిపిస్తాను.